మూతలు తెరిచిన ఆయుధ పూజ

నేను రిటైరయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చే కుర్రాళ్లలో సగంమంది ఒకే ప్రశ్న అడుగుతారు. ఇంటి మేడమీద సరదాగా చెక్కపని మొదలుపెట్టి ఉంటారు. ఒక స్టూలో, పుస్తకాల అరో చేసి, పాలిష్ డబ్బా మూత సరిగ్గా బిగించకుండా వదిలేసి, ఎండాకాలం దాటాక తీసి చూస్తారు. "సార్, డబ్బా గట్టిపడిపోయింది. తిన్నర్ పోస్తే మళ్లీ పనికొస్తుందా?" అని అడుగుతూ ఫోన్లో ఒక వీడియో చూపిస్తారు. అందులో ఒకాయన తొడుగులు వేసుకున్న చేతులతో రాయిలాంటి సరుకులో ఏదో పోసి, కలిపి, నవ్వుతాడు.

ఆ వీడియో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బాలో ఉన్నదేమిటో చూడకుండా తిన్నర్ పోయమనేవాడు ఎవడు కనిపించినా నాకు ఒక పాత అధికారి గుర్తొస్తాడు. ఎండిన పాలిష్‌ను బతికించే పద్ధతి మీకు చెప్పాలంటే ఆయన సంగతి కూడా చెప్పాల్సిందే. నా సర్వీసు మొత్తంలో ఆ పని పెద్దయెత్తున చేసింది ఆయన పుణ్యాన ఒక్కసారే. పేర్లు మాత్రం రాయను. పేరు రాస్తే చదివేవాళ్లు మనిషిని వెతుక్కుంటూ పోయి అసలు సంగతి మరిచిపోతారు.

ప్రొద్దుటూరులో ఒక శిక్షణ కేంద్రంలో చెక్కపని నేర్పడం నా ఉద్యోగం. సర్వీసు చివర్లో నన్ను జమ్మలమడుగుకు వేశారు. రాష్ట్రం విడిపోయిన తర్వాత మా శాఖకు పుట్టిన కొత్త ఆలోచనల్లో ఒకటి హాబీ వర్క్‌షాప్. పాత గోడౌను ఒకదానికి సున్నం కొట్టి, పని బల్లలు వేసి, రంపాలు, చిత్రికలు, రంగులు, పాలిష్‌లు తెచ్చిపెట్టారు. రిటైరైన టీచర్లు, క్లర్కులు, తీరిక దొరికిన ఆడవాళ్లు సాయంత్రాలు వచ్చి తమకు తోచింది చేసుకునేవాళ్లు. ఎవరూ దానిని వర్క్‌షాప్ అనలేదు. హాబీ షెడ్డు అనేవాళ్లు. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. ఆలోచన మంచిదే అని ఇప్పటికీ అంటాను. చేతిపని లేని ముసలితనం చాలా కష్టం.

షెడ్డుకు ఒక అటెండరు ఉండేది. కాంట్రాక్టు మనిషి. మా జిల్లాలోని ఖాజీపేట పుట్టిల్లు, జమ్మలమడుగు మెట్టిల్లు. భర్తకు నడుము దెబ్బతిని మంచం పట్టాడు కాబట్టి ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం. ఊడ్చడం, నీళ్లు పట్టడం, సామాను అందించడం ఆమె పనులు. కానీ పాలిష్ పట్టడం నా దగ్గర నేర్చుకుని అందులో నన్ను దాటిపోయింది. షెడ్డుకు వచ్చేవాళ్లు తమ స్టూళ్లు, ఫోటో ఫ్రేములు ఆమె చేతికే ఇచ్చేవాళ్లు. "మ్మా, రొంత మెరుపు పట్టియ్యి" అనేవాళ్లు. వాళ్లకది హాబీ. ఆమెకు కూడు. ఈ తేడా షెడ్డులో ఎవరికీ పెద్దగా పట్టినట్టు నాకు కనిపించలేదు.

ఆ కాంట్రాక్టు ఏటా పొడిగించాలి. పొడిగించడానికి మా అధికారి ఒక మాట చెబితే చాలు, చెప్పకపోతే లేదు.

ఇక ఆయన గురించి. మా జిల్లా మనిషే. నాకంటే చిన్నవాడు, తెలివైనవాడు, ఇస్త్రీ మడత చెదరనివ్వడు. ఫోటోల పిచ్చి ఒకటి ఉండేది. షెడ్డులోకి వస్తే ముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకునేవాడు, ఆ తర్వాతే మమ్మల్ని చూసేవాడు. ఫోన్ కెమెరా తెరిస్తే పాఠ్యపుస్తకం భాష మాట్లాడేవాడు. "మన వర్క్‌షాప్ నందు వయోవృద్ధులు ఉత్సాహముతో పాల్గొనుచున్నారు" అనేవాడు. కెమెరా ఆపాక "యాడప్పా టీ, ఇంగా రాలేదే" అని మన భాషలోకి దిగేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఆ ఏడాది దసరా వచ్చింది. మన వైపు పనిచేసే చోట్ల ఆయుధ పూజ ఎంత ఘనంగా చేస్తారో మీకు తెలుసు. రంపానికీ, సుత్తికీ, మరకూ అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పప్పులూ పంచుతారు. పూజలో పెట్టిన పనిముట్టును మళ్లీ దశమి దాటేదాకా ముట్టరు. ఏడాదంతా మనకు పనిచేసినదానికి అదొక విశ్రాంతి. నాకు ఆ ఆచారం అంటే చాలా ఇష్టం, ఇంట్లో నా చిత్రికలకు ఇప్పటికీ చేస్తాను.

మా అధికారి మాత్రం నవమిదాకా ఆగలేదు. సెలవులకు తాళం వేసే రోజునే పూజ కానిచ్చేద్దామన్నాడు. పండగ ఫోటోలు పండగకు ముందే పై ఆఫీసుకు చేరితే మంచిదని ఆయన లెక్క. సరే అన్నాం. ఆమె పొద్దున్నే వచ్చి షెడ్డంతా కడిగి ముగ్గు వేసింది. నేను పనిముట్లు వరసగా పేర్చాను. ఒక బల్ల మీద పాలిష్ డబ్బాలు, వార్నిష్‌లు, ఎనామిల్ రంగులు, మైనం, పుట్టీ పెట్టి వాటికీ బొట్లు పెట్టాం. మనుషులం నలుగురైదుగురం నిలబడ్డాం. ఆయన వచ్చి, ఫోన్ తీసి, చూసి, ముఖం చిట్లించాడు.

"ఏందిది? మూతలేసిన డబ్బాలు ఫోటో తీస్తే కిరాణా అంగడి మాదిరి ఉంటాది. తీయండి మూతలు. రంగులు కనపడాల."

"సార్, స్పిరిట్ ఎగిరిపోతాది. మూతలు తీసి పెట్టగూడదు" అన్నాను.

"రెండు నిమిషాలకు ఏం ఎగరదులేప్పా. పూజంటే లోపలుండే సరుక్కు చేయాల, రేకుడబ్బాకు చేస్తే ఏం ఫలం?"

మూతలు తీశాం. ఆయన తన చేత్తోనే ఒక్కో డబ్బా పక్కన బంతిపువ్వు పెట్టాడు. ఫోటోలు తీశాడు. వీడియో తీశాడు. పాఠ్యపుస్తకం భాష మాట్లాడాడు. గుమ్మడికాయ కొట్టాం, బొరుగులు పంచాం. అందరూ తింటూ ఉండగా ఆమె నిశ్శబ్దంగా బల్ల దగ్గరకు పోయి మూతలు పెట్టబోయింది.

"మ్మేయ్, ఏం చేస్తాండావు?" అన్నాడు ఆయన. "పూజలో పెట్టినవి కదిలిస్తారా యాడన్నా? దశమి దాటేదాకా ముట్టుకోగూడదు. మీ ఇంట్లో పూజలు చేయరా?"

"చేస్తాం సార్. కొడవలికి చేస్తాం, పారకు చేస్తాం. చారుచట్టికి మూత తీసి పెట్టి ఊరికి పోం సార్."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పులివెందుల నుంచి వచ్చే రైతు ఒకాయన, ఆయన గురించి తర్వాత చెబుతాను, నోట్లో బొరుగులు పొలమారేటట్టు నవ్వాడు. అధికారి నవ్వలేదు. అందరినీ బయటికి నడవమన్నాడు. నేను మళ్లీ చెప్పాను, మూతలు పెట్టడం కదిలించడం కిందికి రాదు, కావాలంటే దేవుడికి దండం పెట్టి నేను పెడతాను, పాపమేదైనా ఉంటే నాకే తగలనీ అని. "నువ్వు దేవునికంటే ఎక్కువనా?" అని అడిగాడు. తలుపుకు తాళం వేసి, చెవి తన జేబులో వేసుకుని కారెక్కాడు.

సెలవుల్లో ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఆమె వాళ్లింటికి పోయి అడిగింది. యాత్రకు పోయినారని పక్కింటివాళ్లు చెప్పారట. షెడ్డు కిటికీ చువ్వల్లోంచి తొంగి చూసి వచ్చింది. "బల్ల మీద అట్లనే ఉండాయి సార్, నోర్లు తెరుసుకోని" అని నాకు ఫోన్ చేసింది. అక్టోబరులో మన ఎండలు ఎలా ఉంటాయో, రేకుల కప్పు కింద ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

సెలవులయ్యాక షెడ్డు తెరిచాం. లోపల వాసన లేదు. చెక్కపని చేసేవాడికి ఆ వాసన లేకపోవడం ఎంత భయమో తెలుసు. ఎగరాల్సిందంతా ఎగిరిపోయింది. లక్క పాలిష్ డబ్బా అడుగున బెల్లపు అచ్చులా బిగుసుకుపోయింది. మైనం బీటలు వారింది. పుట్టీ మీద సుత్తితో కొడితే డబ్బా మోగింది. వార్నిష్ జెల్లీలా వణికింది. ఎనామిల్ డబ్బాల మీద తోలు లాంటి పొర కట్టింది. వాటి పక్కన బంతిపూలు మాత్రం వాడినా రంగు పోకుండా ఉన్నాయి.

ఆయన డబ్బాలు చూశాడు. ఆమెను చూశాడు. "మూతలు పెట్టేది ఎవురి పని? అటెండరు పని కాదా?"

నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఆమె చీపురు కింద పెట్టి నిలబడింది. "పెడతానంటే మీరే వద్దన్నారు గద సార్."

"ఎదురు మాట్లాడతాండావా? కాంట్రాక్టు ఎట్ల పొడిగిస్తారో నేనూ చూస్తా."

చారుచట్టి మాట ఆయన మరిచిపోలేదన్నమాట. నేను మధ్యలో దూరి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నా ముఖం చూడకుండానే, జిల్లా నుంచి పెద్ద మేడమ్ త్వరలో షెడ్డు చూడటానికి వస్తున్నారని, ఆలోగా డబ్బాలన్నీ బతకాలని అన్నాడు. అన్నీ బాగుంటే ఆమెను ఉంచుతాడట. లేకపోతే ఆమె నిర్లక్ష్యం వల్ల సరుకు పాడైందని పైకి చెప్పి పంపించేస్తాడట. తాను చేసిన తప్పుకు జరిమానా ఆమె కట్టాలి, ఆ జరిమానా తీర్చే పని నేను చేయాలి. మీలో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇది కొత్తగా అనిపించకపోతే ఆ సంగతి మీద కూడా నాకు కోపమే.

ఇప్పుడు ఆ రైతు. పులివెందుల పక్కన చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది ఆయనకు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా ఊరి పెద్దరికం. ఎన్నికలొస్తే నాయకుల కార్లు వాళ్ల గేటు ముందు ఆగుతాయి. తోట కొడుకులకు అప్పగించి వారానికి రెండుసార్లు బస్సెక్కి మా షెడ్డుకు వచ్చేవాడు. పాత ఇంటి దూలం కోసి ఒక టీపాయ్ చేస్తున్నాడు. కాళ్లు నాలుగూ ఎప్పుడూ సమానంగా రాలేదు గాని పైపలక మాత్రం చక్కగా కుదిరింది, పాలిష్ ఒక్కటే మిగిలింది. విషయం విని ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇంత చిన్నదానికి మీరు తలకాయ పగలగొట్టుకుంటాండారే! ఒక్క ఫోన్ కొడతా. ఈ అధికారి సాయంత్రానికి వచ్చి అమ్మా ఉండుమ్మా అని బతిమాలుకుంటాడు."

నిజంగానే అలా జరిగేది. ఈ జిల్లాలో పుట్టినవాణ్ణి, నాకు తెలుసు. నేను ఊరుకున్నాను, ఎందుకంటే ఉద్యోగం ఆమెది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు మామా. మీరు ఫోన్ చేస్తే ఉద్యోగం ఉంటాది. తప్పు కూడా నామీదనే ఉంటాది. తప్పు చేసింది, పెద్దోళ్లు చెప్పినారని ఉంచినారు అంటారు. నేను తప్పు చేయలేదని ఆయప్ప నోటితోనే రావాల."

రైతు ఫోన్ లోపల పెట్టుకున్నాడు. "ఈ కాలంలో యాడుండావు తల్లీ నువ్వు" అన్నాడు. ఆయనకు అర్థం కాలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నాకు అర్థమై ఆమె మీద కూడా కొంచెం కోపం వచ్చింది. ఇంట్లో మంచం పట్టిన మనిషిని పెట్టుకుని మాట కోసం పట్టుబడుతోందే అని. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

పని మొదలుపెట్టాం. మీకు కావాల్సింది ఇదే కాబట్టి చెబుతాను. ఎండిన సరుకులో రెండు రకాలుంటాయి. తనను కరిగించిన ద్రవం ఎగిరిపోయి గట్టిపడింది ఒకటి. గాలి తగిలి తానే మారిపోయి గట్టిపడింది ఇంకొకటి. మొదటిది బతుకుతుంది. రెండోది బతకదు.

లక్క పాలిష్ మొదటి రకం. లక్కను స్పిరిట్‌లో కరిగిస్తే పాలిష్, స్పిరిట్ పోతే మళ్లీ లక్క. మేం దానిని పగలగొట్టి ముక్కలు చేసి గాజుసీసాలో వేశాం. రేకుడబ్బాలో అయితే నల్లబడుతుంది. ముక్కలు మునిగేలా స్పిరిట్ పోసి మూతబెట్టి నీడలో ఉంచాం. అప్పుడప్పుడు కదిపేవాళ్లం. తొందరగా ఉంటే మూత వదులు చేసి సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టొచ్చు. పొయ్యి ఛాయలకు మాత్రం పోకూడదు, స్పిరిట్ అంటుకుంటే షెడ్డూ ఉండదు, మీరూ ఉండరు. కరిగాక నా పాత పంచె చింపి వడగట్టాం. అక్కడితో అయిపోలేదు. గాజుపలక మీద ఒక పూత పూసి ఆరబెట్టి గోరుతో నొక్కి చూడాలి. గోరు దిగితే ఆ లక్క పాతబడి చచ్చిపోయినట్టు. మాది దిగలేదు. ఆమె గోరు నొక్కి చూసి, "బతికింది సార్" అంది. నేను ఆ రోజు టీ రెండుసార్లు తాగాను.

మైనానికి టర్పెంటైన్ కొంచెం కొంచెంగా కలుపుతూ వేడినీళ్ల గిన్నె మీద కరిగించాం. పుట్టీ పొడిచేసి అవిసె నూనె పోసి చపాతీ పిండిలా పిసికాం, చేతులు నొప్పులు పుట్టినా సగానికి సగం దారికి వచ్చింది. ఎనామిల్ పెద్ద డబ్బాల్లో పైపొరను కత్తితో అంచుల వెంట కోసి తీసేస్తే కింద కొంత ద్రవం మిగిలింది. దానిని వడగట్టాం. చిన్న డబ్బాల్లోని రంగు, వార్నిష్ మొత్తం పోయాయి, అవి రెండో రకం.

ఇవి రావని ఆయనకు చెప్పాను. ఆయన చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "తిన్నర్ పొయ్యి."

"తిన్నర్‌కు లొంగవు సార్. ఇడ్లీ ఉడికినాక నీళ్లు పోస్తే మళ్లీ పిండి అవుతాదా?"

"నువ్వు పోయవా? నేను పోస్తా." అని క్యాన్ ఎత్తి వార్నిష్ డబ్బాలో ఒంపాడు. పుల్ల పెట్టి కలిపాడు. పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా విడిపోయింది. ఇంకొంచెం పోశాడు. ముద్దలు తేలాయి. పంచె ముక్కతో చేతులు తుడుచుకుని, డబ్బాకు మూత బిగించి, అలమారా వెనకవైపు పెట్టమన్నాడు. "మంచివి ముందర పెట్టండి. యెనక డబ్బాలు ఎవురు తెరిసి చూస్తారు?"

మూతలు పెట్టాలని ఆయనకు అప్పటికి తెలిసింది.

పెద్ద మేడమ్ వచ్చిన రోజు షెడ్డు పెళ్లివారి ఇల్లులా ఉంది. మంచి మనిషే ఆమె. మర్యాదగా మాట్లాడింది. ప్రతి ఒక్కరినీ ఏం చేస్తున్నారని అడిగింది. చేతికున్న గడియారం మాత్రం తరచుగా చూసుకుంది, ఆ తర్వాత పులివెందులలో ఇంకో మీటింగు ఉందట. మా అధికారి బతికిన డబ్బాలు ఒక్కొక్కటే చూపిస్తూ, ఎండిపోయిన సామగ్రిని పారవేయక పునరుద్ధరించితిమి, నా పర్యవేక్షణలో అన్నాడు. మేడమ్ సంతోషించి, ఆ పాలిష్ ఎలా వస్తుందో చూడాలంది.

రైతు తన టీపాయ్ ముందుకు జరిపాడు. మా అటెండరు కొంగు దోపుకుని, దూదిని గుడ్డలో మూటకట్టి, మేం బతికించిన పాలిష్‌లో తడిపి పలక మీద వేసింది. గుండ్రంగా, నీటి మీద చెయ్యి తేలినట్టు తిప్పుతూ పోయింది. దూలం కర్రలోని గీతలు ఒక్కొక్కటే లేచి కనిపించసాగాయి. అందరం టీపాయ్ చుట్టూ మూగాం. లక్క పాలిష్ పట్టేటప్పుడు చెయ్యి ఆగకూడదు. కదులుతూ రావాలి, కదులుతూ పోవాలి. పలక మీద గుడ్డ క్షణం ఆగిందా, అతుక్కుని పచ్చిపూతను లాగేస్తుంది, మచ్చ పడుతుంది. ఆమె చెయ్యి ఆగడం నేను అంతవరకు ఎప్పుడూ చూడలేదు.

"ఇంత మంచి సరుకు అసలెలా ఎండిపోయింది?" అని అడిగింది మేడమ్.

"అటెండరు అజాగ్రత్త మేడమ్" అన్నాడు ఆయన, నవ్వుతూ, చాలా దయగా. "పేద మనిషి. మేమే క్షమించేశాము."

గుడ్డ ఆగిపోయింది. పలక మధ్యలో, ఆమె చెయ్యి కింద, కదలకుండా నిలిచిపోయింది. పొరపాటున ఆగలేదు. ఆమె ఆపింది. ఆ ఆపడం అక్కడ నాకొక్కడికే అర్థమైంది.

"క్షమించినామంటే తప్పు చేసినట్టే గద సార్" అంది తలెత్తి. గొంతు పెంచలేదు. "మూతలు తీయమనింది ఎవురు సార్? నేను పెడతానంటే వద్దనింది ఎవురు? దాన్ని కూడా మేడమ్‌కు సెప్పండి."

ఆయన ముఖం ఎర్రబడింది. "మేడమ్, వీళ్లకు మాట్లాడటం తెలీదు..."

"నేను అక్కడే ఉన్నాను మేడమ్" అన్నాను. "మూతలు తీయమన్నది మా సారే. పెట్టనివ్వకుండా తాళం వేసుకుని పోయింది కూడా ఆయనే. ఆమె అడ్డం చెప్పింది, నేనూ చెప్పాను."

"నేనూ ఉండా" అన్నాడు రైతు. "బొరుగులు తింటా చూసినా. ఈ పాపది తప్పు ల్యా."

చివరికి నిజం గదిలో అందరి ముందూ నిలబడింది. నేను మేడమ్ ముఖం వైపు చూశాను. ఇప్పుడైనా ఎవరో ఒకరు ఆయనను అడుగుతారనుకున్నాను. ఆమె గడియారం చూసుకుంది.

"చిన్న విషయం. ఆఫీసుల్లో ఇవన్నీ ఉంటాయి. పెద్దది చేసుకోకండి" అంది. ఆ తర్వాత నిజమైన మెచ్చుకోలుతోనే, "నీ చెయ్యి చాలా బాగుందమ్మా" అని ఆమె భుజం తట్టి కారెక్కింది. మా అధికారి కారు తలుపు వేశాడు.

చిన్న విషయం! ఒక మనిషి అన్నం గురించి, పరువు గురించి ఇంకో మనిషి నలుగురి ముందు అబద్ధం చెబితే చిన్న విషయం. రంగు డబ్బాలు ఎండిపోతే మాత్రం పెద్ద విషయం, దానికి విచారణ, బెదిరింపు, పునరుద్ధరణ. నేను ఆ మాట కారు దాకా పరుగెత్తి చెబుదామనుకున్నాను. చెప్పాను కూడా. అద్దం పైకి వెళ్లిపోయింది, ఏం వినిపించిందో తెలియదు.

లోపలికి వచ్చేసరికి ఆమె టీపాయ్ దగ్గర కూర్చుని ఉంది. పలక నడిమధ్యలో గుడ్డ ఆగిన చోట అరచేతంత మచ్చ. "పాడు చేసినా మామా" అంది రైతుతో. గరుకు ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ పాలిష్ పెడితే పోతుందని నేను చెప్పాను. రైతు ఒప్పుకోలేదు. "ఉండనీప్పా. నేను ఫోన్ చేసింటే ఈ పాప అనిన మాట ఎవురూ అనేవాళ్లు కాదు" అని టీపాయ్‌ను అలాగే ఆటో ఎక్కించుకుని పోయాడు. ఆ ఫోన్ చేసి ఉంటే ఆమె ఉద్యోగం నిలిచేదని మా ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఎండిన పాలిష్‌కు కొత్త ఊపిరి పోసిన అధికారిగా ఆయన ఫోటో మా శాఖ గ్రూపుల్లో తిరిగింది. చేతిలో మా సీసా ఉంది. కింద చప్పట్ల బొమ్మలు లెక్కలేనన్ని. నా మిత్రులు కూడా కొందరు పెట్టారు, వాళ్లకేం తెలుసు.

కాంట్రాక్టు గడువు అయిపోయింది. పొడిగించలేదు. షెడ్డుకు అటెండరు పోస్టే అవసరం లేదని, సభ్యులు ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చని పై ఆఫీసు అనుకుందట. ఆయన ఆ కబురు తాను చెప్పకుండా నాతో చెప్పించాడు. ఎలా చెప్పాలో తెలియక పొద్దున్నంతా చిత్రికలు నూరుతూ కూర్చున్నాను. ఆమె వచ్చి, నా ముఖం చూసి, తానే అడిగింది.

"తీసేసినారా సార్?"

తల ఊపాను.

"ఏమని సెప్పినారు?"

"పోస్టు అవసరం లేదన్నారమ్మా."

"నా తప్పు వల్ల అనలేదు గద?"

"అనలేదు."

"మీరు సరిగ్గా విన్నారా సార్? అజాగ్రత్త అని గానీ, నిర్లక్ష్యం అని గానీ?"

"ఏమీ అనలేదమ్మా. పోస్టు లేదన్నారు, అంతే."

ఆమె ముఖం విచ్చుకుంది. దసరా తర్వాత ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. "శానా మంచిది సార్" అంది. చీపురు మూలన పెట్టింది, పాలిష్ సీసాల మూతలన్నీ ఒక్కసారి బిగించి చూసింది, నాకు దండం పెట్టి నిమ్మళంగా వెళ్లిపోయింది. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంటికి, జీతం లేకుండా, సంతోషంగా.

నా మీద ఎవరైనా జాలిపడి ఆ అధికారిని మరిచిపొమ్మంటే మరిచిపోగలను. వయసు మీద పడింది, ఆయన కూడా రిటైరై ఉంటాడు. కానీ ఆమె నవ్వు ఉంది చూశారూ, దానిని మరిచిపోలేను. ఏ తప్పూ చేయని మనిషి కూడు పోగొట్టుకుని, తప్పు అంటగట్టలేదు కదా అని మాకు దండం పెట్టి పోయింది. అంత తక్కువకు ఆమెను సంతోషపడేలా చేసినవాళ్లలో మా శాఖ మొత్తం ఉంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, మండనీ.